మిషను కన్నా ముందు పరీక్ష కావాలి: దర్శి ప్రాంత షుగర్, బీపీ రోగుల వినతిపత్రం

దర్శి,
17 నవంబరు 2025, సోమవారం.

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
ప్రకాశం భవనం, ఒంగోలు.

విషయం: షుగర్, బీపీ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు ఊళ్లోనే చేయించాలని, చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడాన్ని అరికట్టాలని, మరికొన్ని కోరికలతో.

అయ్యా,

మేము దర్శి, తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు, దొనకొండ మండలాల వాళ్లం. షుగర్‌తోనో, బీపీతోనో, రెండింటితోనో రోజులు గడుపుతున్నాం. కొందరం డయాలసిస్ దాకా వెళ్లినవాళ్ల ఇంటివాళ్లం. పత్తి, మిరప, కంది మా బతుకు. ఈ అర్జీ మాత్రం మా కిడ్నీల సంగతి.

కిడ్నీల పేరు చెప్పి కలెక్టరేటుకు వచ్చేవాళ్లు మామూలుగా డయాలసిస్ మిషన్లు అడుగుతారు. మేమూ అడుగుతాం, ఈ కాగితం చివర్లో. ముందు అడిగేది మాత్రం అంతకన్నా చాలా చవకైన వస్తువు: మూత్రంలో ముంచి చూసే కాగితపు పట్టీ, ఒక చిన్న సీసా రక్తం, వాటి ఫలితాన్ని చదివి చెప్పే మనిషి. మిషను అవసరం రాకుండా చేసేవి ఇవే కాబట్టి వీటినే ముందు రాస్తున్నాం.

ఉద్దానం పేరు వినని అధికారి రాష్ట్రంలో ఉండరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికేవాళ్ల కిడ్నీలు ఎందుకు పోతున్నాయో దశాబ్దాలుగా వెతుకుతున్నా ఖాయంగా తేలలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. వంశధార నీళ్లు పైపుల్లో వచ్చాయి. అక్కడివాళ్లకు అవి రావాల్సిందే. మా గోడు వేరు. మా దగ్గర చాలామంది విషయంలో వెతకాల్సినంత రహస్యం ఏమీ లేదు. ఏళ్ల తరబడి షుగర్, దానికి తోడు బీపీ, పైన నొప్పి మాత్రలు. ఉద్దానంలో కారణం తెలియక కిడ్నీలు పోతున్నాయి, మా ఊళ్లలో కారణం తెలిసీ పోతున్నాయి. తెలిసినదాన్ని ఆపలేకపోవడానికి మాకూ, ప్రభుత్వానికీ చెప్పుకోవడానికి పెద్దగా సాకులు లేవు.

లోపల జరిగేది ఇది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గదులుంటాయి. ఒక్కోదానిలో వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. రక్తం ఒక నాళంలో లోపలికి వచ్చి, ఇంకో నాళంలో బయటికి పోతుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే లోపలికి వచ్చే దారి వెడల్పవుతుంది, బయటికి పోయే దారి బిగుస్తుంది. మధ్యలో ఒత్తిడి పెరుగుతుంది. మొదట్లో కిడ్నీ మామూలు కన్నా ఎక్కువే వడపోస్తుంది కాబట్టి రోగికి ఏ తేడా తెలియదు. తర్వాత పొర మందమై, గట్టిపడి, చిల్లులు పెద్దవై, ఒంట్లో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఇలాంటి కిడ్నీల్లో గట్టిపడిన మచ్చలను 1936లోనే కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు సూక్ష్మదర్శిని కింద చూసి రాశారు. బీపీ దీనికి తోడైతే నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. కిడ్నీ చెడ్డకొద్దీ బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగినకొద్దీ కిడ్నీ చెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో వందకు ఇరవై నుంచి నలభై మందికి కిడ్నీ జబ్బు వస్తుందని వైద్యశాస్త్రం లెక్క. భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. దర్శి సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడి చక్కెర లేకుండా అడిగేవాళ్లను చూస్తే, ఆ కోట్లలో మా వాటా తక్కువేం కాదని తెలుస్తుంది.

ఆల్బుమిన్ జారడం మొదలైన రోజు నుంచి కిడ్నీ పూర్తిగా పోయేదాకా చాలామందికి పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ పదేళ్లూ నొప్పి ఉండదు, మంట ఉండదు. మూత్రంలో నురుగు కనిపించినా ఎవరూ పట్టించుకోరు. కాళ్లు ఉబ్బితే నీరు పట్టిందని, చేలో నిలబడి నిలబడి వచ్చిందని అనుకుంటారు. పరీక్షకు దొరికేది ఆ పదేళ్లలోనే.

ముండ్లమూరు మండలంలో మిరప కోతలకు పోయే ఒకామె మాతో ఉండేది. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. బట్టల షాపు కవర్లో తన కాగితాలన్నీ పెట్టుకునేది. ఆ కవరు మేము విప్పి చూశాం. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, బీపీ ఎంత, ఇవే. కొన్ని చీటీల మీద అక్షరాలు చెరిగిపోయి తెల్లగా అయ్యాయి. అన్నేళ్ల కాగితాల్లో క్రియాటినిన్ అన్న మాట ఒక్కదాని మీదా లేదు. ఆమె మాత్రలు మానేసిన మనిషి కాదు, చెప్పినప్పుడల్లా వెళ్లి సూది పొడిపించుకొని రాయించుకొచ్చింది. ఒక సంక్రాంతికి షుగర్ తగ్గిపోయిందని సంబరపడి అరిసెలు తిన్నది. అదే మాత్ర వేసుకుంటే కళ్లు తిరిగి చెమటలు పట్టేవి, షుగర్ డెబ్బైకి దిగేది. ఇంట్లోవాళ్లు జబ్బు నయమవుతోందనుకున్నారు. నిజానికి ఒంట్లోని ఇన్సులిన్‌ను ఖర్చు చేసేది కూడా కొంతవరకు కిడ్నీలే. అవి పాడైతే ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రల మందు ఒంట్లోనే నిలిచిపోయి షుగర్ పడిపోతుంది. కారణం లేకుండా తగ్గే షుగర్ కిడ్నీ పోతోందన్న కబురు కావచ్చు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మిరప కోతల మధ్యలో వాంతులు మొదలై ఆసుపత్రికి తీసుకెళ్తే క్రియాటినిన్ 8 దాటి ఉంది. అదే వారంలో మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టారు.

ఆ కవర్లో ఉండాల్సిన రెండు కాగితాలే మా మొదటి కోరిక. షుగర్ బయటపడిన ఏడాదే, ఆ తర్వాత ప్రతి ఏడూ, మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ చూడాలి. బీపీ ఒక్కటే ఉన్నవాళ్లకూ చూడాలి. కేంద్రం 2010 నుంచి అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం నడుపుతోంది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. ఏఎన్ఎం అమ్మాయిలు, ఆశా కార్యకర్తలు ఎండలో తిరిగి చేస్తున్న ఆ పని మాకు తెలుసు, వాళ్లను తప్పుపట్టడం లేదు. అదే సంచిలో మూత్రం పట్టీల డబ్బా ఒకటి పెట్టించమంటున్నాం. పట్టీ రంగు మారినవాళ్ల రక్తం, మూత్రం తీసి దర్శి ప్రభుత్వాసుపత్రి ల్యాబుకు పంపితే చాలు, రోగి పని మానుకొని తిరగక్కర్లేదు. 104 వాహనం ఊరికి వచ్చే రోజును దీనికి వాడుకోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది, దానిమీద ప్రత్యేకంగా ఉత్తర్వు కోరుతున్నాం. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. అది కండలోంచి వచ్చే పదార్థం. సన్నగా, ఎండిపోయినట్టుండే ఆడవాళ్లకు కిడ్నీ సగం పోయినా అంకె పెద్దగా పెరగదు. 65 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.2 వస్తే ల్యాబు కాగితం మీద దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. వయసు, ఆడా మగా చూసి సూత్రం ప్రకారం లెక్క కడితే ఆమె వడపోత వేగం 50 దగ్గర తేలుతుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే, 15కు దిగితే కిడ్నీ పోయినట్టే. ఈ లెక్క కట్టడానికి కొత్త పరీక్ష, కొత్త ఖర్చు ఏమీ అక్కర్లేదు. జిల్లాలోని ప్రభుత్వ ల్యాబులన్నీ క్రియాటినిన్ పక్కనే ఈ వడపోత వేగం, అంటే ఈజీఎఫ్ఆర్ అంకె అచ్చువేసి ఇవ్వాలని, ప్రైవేటు ల్యాబులకూ అదే చెప్పాలని మనవి.

డబ్బు మాట వస్తుంది కాబట్టి మేమే చెప్తాం. డయాలసిస్ రోగికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. ఏడాదికి లక్షా ఇరవై వేలు. వైద్యసేవ కింద డయాలసిస్ ఖర్చు వేరే. ఆ సాయం మా ఇళ్లను నిలబెడుతోంది, అందులో రూపాయి తగ్గినా ఒప్పుకోం. కానీ ఆ డబ్బంతా కిడ్నీ పోయాక వస్తోంది. ఒక రోగి ఏడాది పింఛనుతో ఎన్ని ఊళ్లకు మూత్రం పట్టీలు వస్తాయో మీ కార్యాలయంలో ఎవరైనా ఐదు నిమిషాల్లో లెక్క కట్టగలరు.

పరీక్షలో తేడా కనిపిస్తే చేయగలిగింది ఉంది. లేకపోతే ఈ కాగితానికి అర్థమే లేదు. బీపీని 130/80 లోపు ఉంచాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి మందులు బీపీ తగ్గించడంతో పాటు, పైన చెప్పిన ఆ బయటికి పోయే నాళాన్ని సడలించి లోపలి ఒత్తిడి దించుతాయి. లోసార్టాన్ షుగర్ రోగుల కిడ్నీలను ఎక్కువకాలం కాపాడుతుందని 2001లోనే పెద్ద పరిశోధనలో తేలింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు మీద వచ్చిన పరిశోధన ఇంకో మేలైన దారి చూపింది. అదే ఏడు అక్టోబరులో మన దేశంలో దాని మొదటి పేటెంటు ముగిసి, చాలా కంపెనీలు చేస్తుండటంతో ధర దిగింది. ఈ రెండు రకాల మందులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఊరి క్లినిక్కుల్లో నెల నెలా తెగిపోకుండా దొరకాలి. ఒక నెల ఒక మాత్ర, ఇంకో నెల ఇంకో మాత్ర ఇస్తే మావాళ్లు రంగు మారిందని మానేస్తారు. తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి మక్కళై తేడి మరుత్తువమ్ పథకం కింద షుగర్, బీపీ మందులు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచం పట్టిన ముసలివాళ్ల వరకైనా మన దగ్గర అలా చేయొచ్చు.

మాలో మేము ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఎక్కువకాలం వాడితే కిడ్నీలు పోతాయని మా ఊళ్లలో గట్టి నమ్మకం. డయాలసిస్‌కు పోయినవాడు అంతకుముందు పదేళ్లు మాత్రలు మింగాడు కదా, అందుకే పోయాయంటారు. దాంతో కాపాడే మాత్ర మానేసి ఆకు పసర్లు, పేరు లేని పొడులు పట్టుకుంటారు. అదే మనిషి నడుం నొప్పికి రోజూ మింగే బిళ్ళను మాత్రం అనుమానించడు. కిడ్నీని నిజంగా దెబ్బతీసేది ఆ బిళ్ళే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి లోపలికి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. ఎండలో చెమట పోసి నీళ్లు తక్కువైన ఒంట్లో, అప్పటికే షుగర్‌తో సగం దెబ్బతిన్న కిడ్నీకి అవి చేసే కీడు చాలా ఎక్కువ. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒక్క ఒంట్లో పడి, పైన విరేచనాలు పట్టుకుంటే రోజుల్లో కిడ్నీలు ఆగిపోవచ్చు.

పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను మన దేశం 2006లో నిషేధించింది. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయని తేలడమే దానికి కారణం. రాబందు ఒంటికీ మనిషి ఒంటికీ చాలా తేడా ఉందని మాకు తెలుసు, మనుషులకు ఆ మందు నిషేధించమని అడగడం లేదు. డాక్టరు చీటీ మీదే అమ్మాలని చట్టంలో ఇప్పటికే ఉంది, దాన్ని అమలు చేయమంటున్నాం. పత్తి తీతలు, మిరప కోతలు జోరుగా ఉండే నెలల్లో సాయంత్రం మందుల షాపుల దగ్గర నిలబడితే, రెండు మూడు రకాల బిళ్ళలు కత్తెరతో కత్తిరించి చిన్న కాగితంలో చుట్టి ఇవ్వడం ఎవరికైనా కనబడుతుంది. పేరు ఉండదు, తేదీ ఉండదు. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ గారు ఆ వేళప్పుడు ఒకసారి దర్శి, తాళ్లూరు రావాలని కోరుతున్నాం. ఆర్ఎంపీలను తరిమేయమని మేము అడగం. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్లే. వాళ్లను పిలిపించి, షుగర్ ఉన్నవాడికి నొప్పి సూది వేయకూడదని, పారాసెటమాల్‌తో సరిపెట్టాలని ప్రభుత్వ డాక్టర్ల చేతనే చెప్పించండి.

మిరప చేలో ఆడవాళ్లు పొద్దున ఏడింటికి దిగితే మధ్యాహ్నం దాకా నీళ్లు తాగరు. తాగితే వెళ్లాల్సి వస్తుంది, వెళ్లడానికి చాటు ఉండదు. నోరెండిపోయినా అలాగే కోస్తారు. షుగర్ ఉన్న ఆడమనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్లు అసలే ఎక్కువ, నీళ్లు తాగకపోతే ఇంకా ఎక్కువ, అవి కిడ్నీ దాకా పాకుతాయి. పది మందికి పైగా కూలీలు దిగే చేను దగ్గర తడికలతోనైనా చాటు, తాగడానికి చల్లని నీళ్ల క్యాన్ ఉండేలా వ్యవసాయ శాఖ, పంచాయతీలు రైతులకు చెప్పాలి. ఉపాధి హామీ పనుల చోట తాగునీరు, నీడ ఉండాలని నిబంధనే ఉంది. దీన్ని ఆరోగ్యశాఖ పని కాదని పక్కన పెట్టకండి.

నీళ్ల సంగతి క్లుప్తంగా. మా మెట్ట ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న మాట పాతదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బాగున్న కిడ్నీ ఫ్లోరైడ్‌ను బయటికి పంపుతుంది, చెడిన కిడ్నీ పంపలేక ఒంట్లోనే ఉంచేస్తుంది. కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు సాగర్ కాలువ నీరు శుద్ధిచేసి ముందుగా అందాలి. ప్రైవేటు ఆర్ఓ ప్లాంట్ల నీటిని ఏడాదికి రెండుసార్లు పరీక్షించి ఫలితం ప్లాంటు గోడ మీదే రాయించాలి.

ఇక డయాలసిస్‌కు వచ్చినవాళ్ల సంగతి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఒంగోలు పోయి రావాలంటే యాభై కిలోమీటర్లకు పైగా పోను, అంతే రాను. రోజు మొత్తం పోతుంది. తోడు వెళ్లినవాడి కూలీ పోతుంది. తిరుగు ప్రయాణంలో బీపీ పడిపోయి బస్సు సీట్లోనే వాలిపోయేవాళ్లున్నారు. దర్శిలోనే, ఊళ్లో రోగులకు సరిపడా పడకలతో డయాలసిస్ నడవాలి. రెండు షిఫ్టులు కాక మూడు నడపాలి, కరెంటు పోతే జనరేటరు ఉండాలి. స్త్రీశక్తి పథకంతో ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది, మంచిదే. డయాలసిస్‌కు పోయే మగవాళ్లకూ, వాళ్ల వెంట పోయే మనిషికీ అదే సౌకర్యం ఇప్పించండి. భార్యను తీసుకెళ్లే భర్త టిక్కెట్టు కొనాల్సి రావడం మా ఇళ్లలో చేదు హాస్యంగా మారింది.

డయాలసిస్ సూది కోసం చేతికి చేసే ఫిస్టులా ఆపరేషన్ ముందుగా జరగాలి. సిర, ధమని కలిపి కుట్టాక అది సూదికి పనికొచ్చేలా తేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మా దగ్గర దాదాపు అందరూ మెడ గొట్టంతోనే మొదలవుతున్నారు, దాంతో చలి జ్వరాలు, రక్తంలో ఇన్ఫెక్షన్లు. ఈజీఎఫ్ఆర్ 20 దగ్గరికి వచ్చినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసి, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఫిస్టులాకు తేదీ ఇప్పించాలి. వాళ్లకు హెపటైటిస్ బి టీకా అప్పుడే వేయాలి. వాళ్ల ఎడమ ముంజేతికి సూదులు గుచ్చి సిరలు పాడుచేయొద్దని నర్సులందరికీ చెప్పాలి. కడుపులో ద్రావణం పోసి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ను జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో 2019లోనే చేర్చారు. శుభ్రంగా ఒక గది ఉన్న ఇల్లు, చదువుకున్న కొడుకో కూతురో ఉన్న రోగికి అది ఒంగోలు ప్రయాణం తప్పిస్తుంది. దాని గురించి మాకు చెప్పేవాళ్లే లేరు. కిడ్నీ మార్పిడి కోసం జీవన్‌దాన్‌లో పేరు ఎలా నమోదు చేసుకోవాలో కూడా డయాలసిస్ సెంటర్లోనే చెప్పే ఏర్పాటు ఉండాలి.

ఉప్పు గురించి మాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదంటారు కానీ, చెప్పాలి. పండుమిరప పచ్చడి, ఊరగాయ, ఎండుచేప లేకుండా మాకు ముద్ద దిగదు. రోజుకు మనిషికి ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా కంచంలో అది ఉదయానికే అయిపోతుంది. పచ్చడి మానేయమనే బోర్డులు మాకొద్దు. ఆ ముద్దలోనే ఉప్పు ఎలా తగ్గించుకోవాలో అంగన్‌వాడీల్లో వండి చూపిస్తే మావాళ్లు వింటారు. కిడ్నీ చెడిపోయినవాళ్లకు కొబ్బరినీళ్లు మంచివని పోస్తుంటారు, అందులోని పొటాషియం గుండెకు ప్రమాదమని కూడా అక్కడే చెప్పించండి.

ఈ ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీల ఆరోగ్యంపై మొట్టమొదటిసారి తీర్మానం చేసింది. మొన్న 14న ప్రపంచ మధుమేహ దినం కూడా అయిపోయింది. ర్యాలీ, బ్యానరు, గ్లూకోమీటరు పరీక్ష ఏటా చేసేవే. వచ్చే మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం వస్తుంది. ఆ రోజుకల్లా ఈ ఐదు మండలాల్లో షుగర్, బీపీ పేర్లు నమోదైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి మూత్రం ఆల్బుమిన్ పరీక్ష జరిగింది, ఎంతమందికి తేడా కనిపించింది, వాళ్లలో ఎంతమందికి మందు మొదలైంది, ఈ నాలుగు అంకెలు మండలాలవారీగా ప్రతి ఆరోగ్య కేంద్రం నోటీసు బోర్డు మీద పెట్టించండి. పేర్లు వద్దు, అంకెలు చాలు.

ఈ అర్జీకి ఎప్పటిలాగా సంబంధిత శాఖకు పంపడమైనదన్న మెసేజీ కాకుండా, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారి దగ్గర నుంచి ఏ కోరిక ఎప్పటికి తీరుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా ముప్పై రోజుల్లో జవాబు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం. దర్శిలో సమావేశం పెడితే మేమంతా వస్తాం. మిరప కోతలు మొదలుకాకముందే పెట్టండి, ఆ తర్వాత మాకు పగలు తీరదు.

ఇట్లు,
దర్శి, తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు, దొనకొండ మండలాల షుగర్, బీపీ, కిడ్నీ రోగులు, వారి కుటుంబాలు.
(సంతకాలు, వేలిముద్రలు వేరు కాగితాలపై జతచేయడమైనది.)

ప్రతులు: జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి; జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయకర్త గారికి; ఔషధ నియంత్రణ శాఖకు; దర్శి శాసనసభ్యుల వారికి; దర్శి నగర పంచాయతీ కమిషనర్ గారికి.